వరి జన్యువులో చిన్న కత్తిరింపు: కాలువ చివరి రైతుకు ఏమి దక్కుతుంది?

ఆదోని, ఎమ్మిగనూరు విచారణలలో వరి రైతులు తక్కువే. పత్తి, వేరుశనగ, ఉల్లి వేసేవారే ఎక్కువ. అయినా తుంగభద్ర దిగువ కాలువ కింద నాట్లు వేసే కుటుంబాలు మనలో ఉన్నాయి. వారు ఈ సంగతి తెలుసుకోవాలి.

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ జన్యు సవరణతో తయారైన రెండు వరి వంగడాలను ప్రకటించారు. మన దేశంలో ఇటువంటివి ఇవే మొదటివి. రెండింటికీ మూలం మన ఆంధ్ర వంగడాలే. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అనగా మన బి.పి.టి. 5204 నుండి హైదరాబాదులోని భారత వరి పరిశోధన సంస్థ 'కమల'ను రూపొందించింది. మారుటేరు వారి ఎం.టి.యు. 1010 నుండి ఢిల్లీలోని పూసా సంస్థ 'పూసా డి.ఎస్.టి. రైస్ 1'ను తయారుచేసింది.

ఇది బి.టి. పత్తి వంటిది కాదా అని మీరడగవచ్చు. కాదు. 2002లో మన దేశంలో అనుమతి పొందిన ఆ పత్తిలో ఒక సూక్ష్మజీవి జన్యువును తెచ్చి చేర్చారు. ఇక్కడ బయటి జన్యువు మిగలదు. మొక్కకున్న జన్యువునే ఒకచోట కత్తిరించి పనిచేయకుండా చేస్తారు. కంకిలో గింజల సంఖ్యకు పగ్గం వేసే జన్యువును కమలలో అలా ఆపారు. రెండవ దానిలో ఆకు రంధ్రాలను అదుపుచేసే జన్యువును సవరించారు. అందుచేత నీరు తక్కువగా ఆవిరవుతుంది, చౌడును కూడ కొంత తట్టుకుంటుంది.

సంస్థ లెక్క ప్రకారం సాంబ మసూరి హెక్టారుకు 4.5 టన్నులిస్తే కమల 5.37 టన్నులిస్తుంది. ఎకరాకు చెప్పాలంటే 18 క్వింటాళ్ల చోట 21 పైచిలుకు. ఈ లెక్కలను కొన్ని సంఘాలు ప్రశ్నించాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. నాకు మాత్రం దిగుబడి కంటె మరొకటి ముఖ్యమనిపిస్తుంది: కమల 20 రోజులు ముందుగా, దాదాపు 130 రోజులకే కోతకు వస్తుంది. కాలువ చివరి భూములకు ఆఖరి తడులు అందడమే కష్టం. పూడిక వలన తుంగభద్ర జలాశయం 133 టి.ఎం.సి.ల నుండి సుమారు 105కు తగ్గింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆయకట్టు రైతులు పడిన ఆందోళన మనం మరువలేదు. అయితే నీరే రాని పొలాన్ని ఏ విత్తనమూ పండించలేదు.

ఇక విత్తనం ఎవరిది? ఈ రెండూ హైబ్రిడ్లు కావు. రైతు తన గింజనే దాచి మళ్లీ విత్తుకోవచ్చు. పత్తి విత్తనానికి ఏటా అప్పుచేసే మన రైతులకు ఈ తేడా చెప్పనక్కరలేదు. కాని కత్తిరించే పద్ధతిపై పేటెంట్లు విదేశాల చేతిలో ఉన్నాయి. దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు 2015 నాటి విశ్వలేఖలో జన్యు మార్పులను గుండుగుత్తగా ఖండించలేదు; సాగుభూమి కొద్దిమంది గుప్పిట్లోకి పోయి చిన్న రైతు నష్టపోవడాన్ని గూర్చి హెచ్చరించారు.

విత్తనం రైతుల చేతికి రావడానికి నాలుగైదేళ్లు పట్టవచ్చని ప్రకటన నాడే వార్తలు వచ్చాయి. ఈలోగా ఎవరైనా 'కమల' అని సంచి చూపితే, వ్యవసాయాధికారిని అడిగిన తరువాతే డబ్బు తీయండి.