వచ్చే తేదీ మనది

ఉప్పునుంతల

చిరంజీవి సౌభాగ్యవతి బిడ్డకు,

మీ నాయినకూ అమ్మకూ అమెరికా వీసా పడిందని మా తమ్ముడే ఫోన్ చేసి చెప్పాడు. "పదేళ్లకు ఇచ్చిండ్రు అన్నా" అని రెండుసార్లు అన్నాడు. ఆ వెంటనే నీ మెసేజ్ వచ్చింది, మీరు పోయొచ్చిన వాళ్లు కదా, ఏమేం చూసుకోవాలో చెప్పు పెద్దనాయినా అని. ఫోన్లో చెబితే చెవిన పడ్డది పడుతుంది, పడనిది పోతుంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ పదేళ్ల సంగతి. పదేళ్లు అన్నది వచ్చిపోవడానికి గడువే గాని ఉండడానికి కాదు. వచ్చిన ప్రతిసారీ ఎన్నాళ్లు ఉండాలో అక్కడ ఇమిగ్రేషన్ అధికారి చెబుతాడు. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. వాళ్లు దిగిన రోజే దాన్ని ఇంటర్నెట్‌లో తీసి ఒక ప్రింటు మీ నాయిన చేతికివ్వు. మాస్టారు కదా, కాగితం చేతిలో ఉంటేనే ఆయనకు నమ్మకం.

ఇక అసలు మాట. నువ్వు టికెట్ల ధర చూసి తేదీలు పెడుతున్నావని విన్నాను. ధర చూడు, తప్పులేదు. కానీ తిరుగు టికెట్ తేదీకి మాత్రం ఇక్కడి పంచాంగం చూడు. ఉగాది పచ్చడి తిని బయల్దేరితే ఎంగిలిపూల బతుకమ్మ నాటికి సరిగ్గా ఆరు చాంద్రమాన మాసాలు, అంటే సుమారు 177 రోజులు. వాళ్ల ఆరు నెలల గడువులో ఒదిగిపోతుంది. ఇక్కడి ఎండాకాలం తప్పుతుంది, తంగేడు పూసే వేళకు మీ అమ్మ ఇంట్లో ఉంటుంది. అధికమాసం నడుమ వస్తే మాత్రం ఈ లెక్క చెడుతుంది. 2023లో శ్రావణం, 2026లో జ్యేష్ఠం అట్లాగే అధికమయ్యాయి. అలాంటి ఏడాది ఉగాది తర్వాత నెలరోజులు ఆగి బయల్దేరాలి. 2027లో ఆ పేచీ లేదు, ఉగాది ఏప్రిల్ 7.

ఇందులో ఇంకో సుళువుంది. మన రాష్ట్ర పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది నవంబరు నుంచి మార్చి దాకా. అప్పటికి వీళ్లు ఇక్కడే ఉంటారు. టీ యాప్ ఫోలియోలో ఫోన్‌తో సెల్ఫీ తీసి పంపే వీలు ఉందిగాని, ట్రెజరీకి పోయి పాత సహోద్యోగులతో చాయ్ తాగి రావడం మీ నాయినకు ఇష్టం. ఆ ఇష్టాన్ని యాప్‌కు అప్పగించకు.

తిరిగొచ్చే తేదీ గురించి ఇంత పట్టుబట్టడం నీకు ఛాదస్తంగా తోచవచ్చు. మన పాలమూరోళ్లకు ఊరు విడిచి పోవడం కొత్తగాదు బిడ్డా. మేం పిల్లలుగా ఉన్నప్పుడు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పట్టి ఇంటిల్లిపాదీ మట్టిపనికి పోయేది. దేశంలో ప్రాజెక్టు కట్టే చోటల్లా పాలమూరు లేబర్ ఉండేది. నాగార్జునసాగర్ కట్టలో వాళ్ల చెమట ఉంది, ఆ తర్వాత బొంబాయి, పూణె బిల్డింగుల్లోనూ ఉంది. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఇక్కడే గంజి తాగి ఎదురుచూసేవాళ్లు. ఎంత దూరం పోయినా పీర్ల పండుగకో దసరాకో తిరిగొచ్చేవాళ్లు. పోయే తేదీ మేస్త్రీది, వచ్చే తేదీ తమది. ఆ ఒక్క తేదీని పట్టుకునే వాళ్లకు ఊరు ఊరుగా మిగిలింది. మనం విమానంలో పోతున్నాం, మన వెనక అప్పు లేదు, అంతే తేడా.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పను, మీ అమ్మ ఎట్లాగూ వినదు. పచ్చి కరివేపాకు మాత్రం పెట్టనియ్యకు. అది నిమ్మజాతి మొక్క, దాని ఆకు మీద పురుగు వస్తే అక్కడి నారింజ తోటలకు తెగులు అంటుకుంటుందని రానివ్వరు. పొడి చేసి తెచ్చుకోమను. మాంసం పచ్చళ్లు, మామిడిపండ్లు వద్దు. తినే వస్తువు ఏది ఉన్నా కస్టమ్స్ వాళ్లకు ఉందనే చెప్పాలి, దాస్తేనే జరిమానా. బీపీ, షుగర్ మాత్రలు ఆరు నెలలకు సరిపడా డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో ఉండాలి. పళ్లు, కళ్లద్దాలు ఇక్కడే చూపించుకుని రమ్మను. అక్కడ పంటి నొప్పి వస్తే నొప్పికంటే బిల్లే ఎక్కువ సతాయిస్తుంది. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పాత జబ్బులకు ఏ మేరకు వర్తిస్తుందో చదివి తీసుకో, చౌకగా ఉందని కాదు. ఇక్కడి సిమ్‌ను రీచార్జి చేయించి, రోమింగ్ పెట్టించి ఉంచు. లేకుంటే బ్యాంకు ఓటీపీ రాక మీ నాయిన అర్ధరాత్రి నాకు ఫోన్ చేస్తాడు.

శంషాబాద్‌కు చేరడం సులువే. శ్రీశైలం రోడ్డు పట్టుకుని తుక్కుగూడ దగ్గర తిరిగితే చాలు, సిటీలోకి పోనక్కర్లేదు. వీల్‌చైర్ బుక్ చేద్దామని నువ్వన్నావట. మీ అమ్మకు మోకాళ్ల నొప్పి, ఆమెకు చెయ్యి. మీ నాయిన రోజూ దుందుభి వాగు దాకా నడిచొచ్చే మనిషి, ఆయనకు వద్దు. ఇంగ్లిష్ రాదనే భయానికి కాళ్లున్నవాళ్లు చక్రాల కుర్చీలో కూర్చోవడం నాకు మింగుడుపడదు. ఆయనకు ఇంగ్లిష్ వచ్చు, భయమూ లేదు.

ఇంకో మాట కొంచెం కటువుగా చెబుతాను. మీ వైపు చాలా ఇళ్లలో చూశాను. పాప పుట్టగానే మొదటి ఆరు నెలలు పిల్ల తరఫువాళ్లు, తర్వాతి ఆరు నెలలు అత్తగారివాళ్లు డ్యూటీ మారినట్టు వస్తారు. ఒకరు దిగేలోగా ఇంకొకరు ఎక్కుతారు. వియ్యపురాళ్లు ఇద్దరికీ ఎయిర్‌పోర్టులోనే పలకరింపు. మనవరాలిని ఎత్తుకోవడం మీ అమ్మకు మహా సంతోషమే, కాదనను. కానీ వంట, లాలపోయడం, డే కేర్ నుంచి తేవడం అన్నీ ఆమె మీద పడ్డాక అది ప్రయాణమెట్లా అవుతుంది? వారంలో రెండు రోజులు ఆమెవి అని ముందే తేల్చిపెట్టు. మీ ఆయనకూ చెప్పు.

మీ నాయినకు పగలు గడవడమే పెద్ద కష్టం. మీ ఇర్వింగ్‌లో కారు లేకుంటే గడప దాటడం కాదు, ఎండ కూడా మన రోహిణి కార్తెకు తీసిపోదు. లైబ్రరీ కార్డు చేయించు, పొద్దున దింపి మధ్యాహ్నం తీసుకురా. అక్కడి గాంధీ మెమోరియల్ 2014 అక్టోబరు 2న ప్రారంభించారు, ఆ పార్కులో సాయంత్రం మనవాళ్లు నడుస్తుంటారు. నలుగురు రిటైర్డ్ మాస్టార్లు దొరికితే ఆయన మనకు దొరకడు. న్యూజెర్సీలో మా కొడుకు ఇంట ఉన్నప్పుడు నన్ను కాపాడింది అలాంటి బెంచీయే. మెల్‌బోర్న్‌లో మా బిడ్డ దగ్గర ట్రామ్ ఉంది గనుక ఆ బాధే లేకపోయింది. మీ పెద్దమ్మ అయితే ఒక్కతే ట్రామెక్కి కూరగాయల మార్కెట్‌కు పోయొచ్చేది.

మీ నాయినకు ఒక నోటుబుక్కు కొనివ్వు. ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, శ్రీశైలం చూసి, కృష్ణ దాటి మన వనపర్తి మీదుగానే హైదరాబాదుకు, ఆపైన కాశీకి పోయాడు. 1831 సెప్టెంబరులో గాని ఇల్లు చేరలేదు. పదిహేను నెలలు చూసింది చూసినట్టు రాసి మిత్రుడికి పంపుతూ వచ్చాడు. అదే 1838లో కాశీయాత్ర చరిత్ర అనే పుస్తకం అయింది. కోర్టులో దుబాసీ ఉద్యోగం చేసిన మనిషి, దారిలో ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుందో, నీళ్లు ఎట్లా ఉంటాయో కూడా వదల్లేదు. మీ నాయిన కూడా అట్లాంటి మనిషే. అక్కడి సంతలో మొక్కజొన్న ధర రాసుకొస్తే ఇక్కడ నేను చదువుతాను. వాట్సాప్‌లో నయాగరా ఫొటోలు మాత్రం పంపవద్దను, అవి నా ఫోన్లో నాలుగిళ్లవి ఉన్నాయి.

చివరికి, తిరిగొచ్చాక. మీ నాయిన చదువు చెప్పిన పదో తరగతి బ్యాచ్‌లు ఇప్పుడు ఒకటి తర్వాత ఒకటి ఆత్మీయ సమ్మేళనాలు పెడుతున్నాయి. హైదరాబాదులో కారు నడిపేవాడు, బెంగళూరులో ఇంజినీరు, ఇక్కడే పత్తి చేను కౌలుకు చేసేవాడు ఒకే బెంచీలో కూర్చుంటారు. సారును పిలిచి శాలువా కప్పుతారు. శాలువాలు ఆయనకు బీరువా నిండా ఉన్నాయి, వాటికోసం కాదు. హాజరుపట్టీ వరుసలో పేర్లు పిలవమంటారు, ఆయన చూడకుండా పిలుస్తాడు. పలకని పేరు దగ్గర ఎవరో లేచి "వాడు లేడు సార్" అంటారు. అది వీడియో కాల్‌లో జరిగే పని కాదు. ఆ పిల్లలు పెట్టుకున్న తేదీ కనుక్కుని, దానికి అడ్డం రాకుండా చూడు.

మీ అమ్మ సంగతి వేరే చెప్పాలా? బతుకమ్మకు వెల్టూరు పుట్టింటికి పోకపోతే ఆమెకు ఏడాది ఏడాదిలా ఉండదు. దసరానాడు జమ్మి ఆకు బంగారమని చేతిలో పెట్టి కాళ్లు మొక్కేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని అమెరికా రోడ్ల గురించి ఉపన్యాసం మొదలుపెడతారేమోనని మాత్రం నా భయం. ముందు ఊళ్లో ఎవరు పోయారు, ఎవరికి పెళ్లయింది, ఎవరి బోరు ఎండిందో అడగమని నువ్వు ముందే చెప్పి పంపు. నేను చెబితే వినడు, నేను అన్నను.

నీకు ఒక్క కోరిక కోరుతున్నాను. మీరు డిసెంబరులో మూడు వారాలకు వచ్చి హైదరాబాదు మాల్స్ తిరిగి, ఊళ్లో ఒక పూట ఉండి పోతారు. ఈసారి ఆ సెలవులు దాచుకో. అమ్మానాయినలను తోలుకొని పాపతో కలిసి నువ్వే రా. సద్దుల బతుకమ్మ ముందు దిగి, జమ్మి పంచిన తెల్లారి పో. మీ పెద్దమ్మ పై గది సున్నం వేయిస్తానంటోంది. తేదీ చెబితే పని మొదలుపెడతాం.

ఇట్లు
మీ పెద్దనాయిన