సున్నం నుండి సున్నా దాకా



వేసవి ఎండల మాట వస్తే వార్తల్లో ముందుగా వినిపించే పేర్లలో మన పల్నాడులోని రెంటచింతల ఒకటి. ఎండలు ముదిరే మార్చిలోనే పదో తరగతి పరీక్షలు కూడా వస్తాయి. పగలంతా కాగిన స్లాబు రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఆ వేడిలోనే చదివి, మా ఇండ్లలో మొదటి డిగ్రీ పట్టా తెచ్చుకున్న వాళ్లం మేము. కనుక ఇది మాకు పుస్తకాల విషయం మాత్రమే కాదు.

నెట్ జీరో అనగా నేమి?

ఒక భవనం ఏడాదిలో ఎంత కరెంటు వాడుతుందో అంత కరెంటును తానే తయారుచేసుకోవడాన్ని నెట్ జీరో అంటారు. ఇందుకు పాత భవనాన్ని పడగొట్టనక్కరలేదు. మూడు మెట్లు ఎక్కితే చాలు.

మొదటి మెట్టు: వేడిని ఆపడం

పిడుగురాళ్ల సున్నం మన ముంగిటి సరుకు. డాబా పగుళ్లు పూడ్పించి, తెల్లని సున్నం రెండు మూడు పూతలు వేస్తే ఎండ చాలావరకు వెనక్కి మళ్లుతుంది. వానలకు పూత పోతుంది కనుక ఏటా వేసవికి ముందు మళ్లీ వేయాలి. సున్నం కళ్లలో పడితే ప్రమాదం, కాబట్టి ఈ పని పెద్దలే చేయాలి. పొరుగున తెలంగాణ 2023లో ఇలాంటి చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. పడమటి వైపు వేపచెట్లు పెంచడం కూడా ఖర్చు లేని వైద్యం.

రెండవ మెట్టు: వాడకం తగ్గించడం

2019లో మొదలైన 'మన బడి నాడు-నేడు' పనుల్లో ఫ్యాన్లు, ట్యూబులైట్లు కూడా ఒక అంశం. ఫ్యాన్లు పెరిగితే వాడకమూ పెరుగుతుంది. ఒక లెక్క చూద్దాం. పది గదుల బడిలో 40 ఫ్యాన్లు, 40 ట్యూబులైట్లు ఉన్నాయనుకోండి. పాత ఫ్యాను 75 వాట్లు, పాత లైటు చోకుతో కలిపి 50 వాట్లు. రోజుకు 6 గంటలు వాడితే 30 యూనిట్లు. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు, ఎల్‌ఈడీ లైటు 20 వాట్లు. వీటితో 12 యూనిట్లే.

మూడవ మెట్టు: సోలారు

మన ప్రాంతంలో ఒక కిలోవాటు పలకలు సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. 30 యూనిట్లకు ఏడున్నర కిలోవాట్లు కావాలి, 12 యూనిట్లకు 3 చాలు. అందుకే సోలారు చివరి మెట్టు. చిల్లు కుండకు ముందు చిల్లు పూడ్చాలి గదా!

నెట్ మీటరు ఉంటే మిగిలిన కరెంటు లైన్లోకి పోయి లెక్కలో జమ అవుతుంది. మనం బడిలో ఉండే పగటి వేళ హాస్టలు డాబా మీద తయారైనది రాత్రి చదువుకు పనికివస్తుంది. అయితే బిల్లులో స్థిర ఛార్జీలు ఉంటాయి. బ్యాటరీ లేని పద్ధతిలో లైను కరెంటు పోతే, లైన్‌మన్ భద్రత కోసం సోలారు కూడా ఆగిపోతుంది. పలకల మీద దుమ్ము పేరుకుంటే దిగుబడి తగ్గుతుంది, కడుగుతూ ఉండాలి.

ముందుగా చేతిలో డబ్బు చూసుకోండి. తక్కువ ఉంటే సున్నం, కాస్త ఉంటే లైట్లు, ఫ్యాన్లు. పలకలకు దాతలనో, సొంత ఖర్చుతో బిగించి యూనిట్ లెక్కన డబ్బు తీసుకునే కంపెనీలనో అడగవచ్చు. డాబా బరువు మోయగలదో లేదో మాత్రం ఇంజనీరు చూడాలి.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. రేపటి నుండే మీటరు రీడింగు రోజూ ఒక నోటుబుక్కులో రాయండి. ఆ లెక్క చేతిలో ఉంటే అడిగే హక్కు, అడిగే ధైర్యం రెండూ మీకు ఉంటాయి.