గర్భనిరోధక సాధనం వాడుతున్నా నెలసరి రాకపోతే...

తేదీ దాటింది. మాత్ర వేసుకుంటూనే ఉన్నారు, లేదా కాపర్-టి ఉంది, లేదా ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. కొందరు రాత్రంతా కంగారుపడి తెల్లారగానే మందుల షాపుకు పరిగెడతారు. మరికొందరు ‘అన్నీ వాడుతున్నాంగా’ అని రెండు నెలలు ఊరుకుంటారు. ఊరుకోవడమే ఎక్కువ ప్రమాదం.

చేయవలసినవి

మీరు వాడే పద్ధతి నెలసరిని ఏం చేస్తుందో ముందు తెలుసుకోండి. మూడు నెలలకోసారి అంతర ఇంజెక్షన్ వేయించుకునేవారికి మొదట్లో ఎప్పుడు పడితే అప్పుడు బ్లీడింగ్ కనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మందికి నెలసరే ఆగిపోతుంది. చెడు రక్తం లోపల పేరుకుపోతోందని అత్తలూ అమ్మలూ భయపెడతారు. గర్భసంచి లోపలి పొర పలచబడి ఉంటుంది కాబట్టి పేరుకోవడానికి అక్కడేమీ ఉండదు. ఇంజెక్షన్ మాత్రం గడువు దాటి నాలుగు వారాలకు మించి ఆలస్యమైతే, గర్భం లేదని తేల్చుకున్నాకే మళ్లీ వేయించుకోవాలి.

లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన మందే ఛాయ మాత్ర. అందులో హార్మోన్ ఉండదు. అయినా కొందరికి నెలసరి వెనక్కి జరుగుతుంది. 15 రోజులు దాటితే గర్భ పరీక్ష చేసుకోండి. మొదటి మూడు నెలలు వారానికి రెండు మాత్రలు, ఆ తర్వాత వారానికి ఒకటి. రోజూ వేసుకునేది కాదు కాబట్టి మరిచిపోవడం తేలిక. వేసుకునే రోజులను గోడ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

మాలా-ఎన్ ప్యాకెట్‌లో 28 మాత్రలుంటాయి. చివరి 7 ఐరన్ మాత్రలే. ఆ రోజుల్లోనే నెలసరి వస్తుంది, తక్కువగానూ రావచ్చు. ఒక్క మాత్రా మరవకుండా వేసుకున్నా ఒక నెల రాకపోతే గర్భం అయ్యే అవకాశం చాలా తక్కువ. కొత్త ప్యాకెట్ సమయానికే మొదలుపెట్టి, అనుమానం తీరడానికి పరీక్ష చేసుకోండి. ఒక మాత్ర మరిస్తే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, ఒకే రోజు రెండయినా ఫర్వాలేదు. వరసగా రెండు, అంతకుమించి మరిస్తే మాత్రలు కొనసాగిస్తూ ఏడు రోజులు కండోమ్ కూడా వాడాలి.

కాపర్-టి నెలసరిని ఆపదు. చాలామందికి బ్లీడింగ్ ఇంకా ఎక్కువవుతుంది. కాబట్టి అది ఉండగా నెల తప్పితే ఎదురుచూడకుండా పరీక్ష చేసుకోండి. అత్యవసర మాత్ర వేసుకున్న నెలలో తేదీ అటూ ఇటూ కావచ్చు. వారం మించితే పరీక్ష తప్పదు.

ఇక ఆపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం మంది దానిమీదే ఆధారపడ్డారు. తెలంగాణలోనూ 60 శాతం పైనే. చాలామందికి 25 ఏళ్లలోపే అయిపోతుంది, అంటే ఇంకా ఇరవై ఏళ్లు గర్భం వచ్చే వయసే. ఆపరేషన్ విఫలం కావడం అరుదు. కానీ అయితే, ఆ గర్భం ట్యూబులో నిలిచే ముప్పు ఎక్కువ. కాపర్-టి ఉండగా వచ్చిన గర్భానికీ ఇదే మాట. అందుకే ఈ ఇద్దరికీ పరీక్షలో రెండు గీతలు కనిపిస్తే వెంటనే స్కానింగ్ తీయించాలి. పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, భుజం పైభాగంలో నొప్పి – వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. తెల్లారేదాకా ఆగకండి.

పరీక్ష కిట్ ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతుంది. పొద్దున మొదటి మూత్రంతో చేయండి. ఒకే గీత వచ్చి, నెలసరి మాత్రం రాకపోతే వారం తర్వాత మళ్లీ చేయండి. అప్పుడూ ఒకటే గీతయితే థైరాయిడ్ వంటి వేరే కారణాలను డాక్టర్ చూస్తారు.

చేయకూడనివి

భయంతో మాత్రలు మధ్యలో మానేయకండి. గర్భం లేనివారికి మానేయడమే గర్భానికి దారి. తెలియక గర్భంలో మాలా-ఎన్ వేసుకున్నా బిడ్డకు హాని జరిగినట్టు ఆధారాలు లేవు. గర్భమని తేలితే ఆపేస్తే చాలు.

బొప్పాయి, నువ్వులుండలను నమ్ముకుని రోజులు గడపకండి. నువ్వులుండలు తినండి, మంచివే. పరీక్ష మాత్రం మానకండి.

గర్భస్రావం మాత్రల కిట్ మీ అంతట మీరు కొనకండి. ట్యూబులోని గర్భాన్ని అవి తీయలేవు. బ్లీడింగ్ కనిపించగానే పని అయిపోయిందనుకుంటారు, లోపల ట్యూబు పగిలే దాకా తెలియదు.

క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తాయి. వాటి సంగతి డాక్టర్ దగ్గర దాచకండి. పెళ్లికో వ్రతానికో తేదీ వాయిదా వేసే మాత్రలను గర్భనిరోధకంగా లెక్కేసుకోకండి. అత్యవసర మాత్రను నెలనెలా వాడే పద్ధతిగా మార్చుకోకండి.

పెళ్లి కాలేదని ఆసుపత్రికి వెళ్లడం మానకండి. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత, సాధనం విఫలమై వచ్చిన గర్భాన్ని 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయంతో తీయించుకునే వీలు పెళ్లితో సంబంధం లేకుండా ఉంది. మీ పేరూ వివరాలూ చట్టం అనుమతించని వారికి చెప్పినవారికి ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు.