పందికొక్కు ఇంగ్లీషులోకి వెళ్లిన దారి

అవనిగడ్డ

చిరంజీవి బుజ్జికి,

నువ్వు ఆడుకునే ‘క్రాష్ బ్యాండికూట్’ ఆటకి ఆ పేరు ఎక్కణ్ణించి వచ్చిందని అడిగావు. మన పొలం గట్లమీది పందికొక్కు పేరే అది! అయితే పెదనాన్న చెప్పాడు కదా అని ఒప్పేసుకోకు. ఎలా తేల్చుకోవాలో నేర్చుకో.

ముందు, వినికిడిని నమ్మొద్దు. విజయవాడలో కూర్చుని ఆలోచిస్తే ‘బ్యాండికూట్’ అనే మాటకి బందరుతో చుట్టరికం కలపాలనిపిస్తుంది. ఈస్టిండియా కంపెనీవాళ్లు 1611లోనే అక్కడ దిగారు కూడా. కానీ బందరు పారసీ మాట, రేవు అని అర్థం. ఎలుకతో దానికేం పని?

ఇరుగుపొరుగు భాషల్ని అడుగు. తమిళులు దీన్ని పెరుచ్చాళి అంటారు, కన్నడిగులు హెగ్గణ అంటారు. పందిని ముందు పెట్టి పిలిచేది మనం. అందుకే 1886లో అచ్చయిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు మన మాటనే మూలంగా చూపింది. ఇక ‘ప’ కాస్తా ‘బ’ ఎందుకైందంటావా? నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని ఇంగ్లీషువాళ్లలా ‘పిగ్’ అను, గాలి తగులుతుంది. ‘పంది’ అను, తగలదు. గాలి లేని మన ‘ప’ వాళ్ల చెవికి ‘బ’లా వినిపించి ఉండాలి.

అక్కడితో ఆగకు, ఇంకా వెనక్కి వెళ్లు. పంది తమిళంలో పన్ఱి, కన్నడంలో హంది. పాత ‘ప’ కన్నడంలో చాలాచోట్ల ‘హ’ అయింది. మన పాలుని వాళ్లు హాలు అంటారు చూడు. బరో, ఎమెనోల ద్రావిడ పదకోశం తిరగేస్తే ఈ చుట్టాలందరూ ఒకేచోట కనిపిస్తారు.

ముందుకి వచ్చినా వింతే. ఆస్ట్రేలియా చేరిన తెల్లవాళ్లు అక్కడి పొడుగు మూతి జంతువుకి ఇదే పేరు పెట్టేశారు. అది ఎలుక జాతే కాదు, కంగారూలా పొట్టసంచిలో పిల్లల్ని పెంచుతుంది. నీ ఆటలో ఉన్నది అదే. మన పందికొక్కు జాతికి మాత్రం 1873లో గ్రే అనే శాస్త్రవేత్త ‘బ్యాండికోటా’ అని పేరుపెట్టాడు.

పుస్తకాలు చాలవు, చేలోకీ రావాలి. దివిసీమలో వరి కోతలప్పుడు యానాదులు కలుగుకి పొగపెట్టి తవ్వుతుంటే, లోపల దాచిన కంకులు గుట్టగా బయటపడతాయి. చిక్కిన పెద్ద పందికొక్కు పందిలాగే గుర్రుమంటుంది. ఆ గుర్రు విన్నవాడికి పేరెందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక ఇలాంటిదే ఇంకో ఇంగ్లీషు మాట, ‘మంగూస్’ సంగతి నువ్వు తేల్చు. మన ముంగిస, కన్నడ ముంగుసి, మరాఠీ ముంగూస్ మూడూ ఎదురుగా పెట్టుకో. ఏది ముందో తొందరపడి తీర్పు చెప్పకుండా, దొరికిన ఆధారాలన్నీ రాసి పంపు.

మీ పెదనాన్న