అంగి చూసి దొంగను పట్టినట్టు

దవాఖానలో బిడ్డ పుట్టగానే నర్సు బిడ్డ తొడకు ఒక సూది వేస్తుంది. "పుట్టి ఒక్క రోజన్నా కాలేదు. అప్పుడే సూదా?" అని ఇంట్లో పెద్దలు అడుగుతరు. అది హెపటైటిస్ బి టీకా. ఆ చిన్న సూది వెనుక పెద్ద కథ ఉంది.

ఏమిటీ రోగం?

హెపటైటిస్ బి కాలేయానికి వచ్చే జబ్బు. కాలేయం కడుపులో కుడివైపు, పక్కటెముకల కింద ఉంటుంది. ఈ జబ్బు ఒక వైరస్ వల్ల వస్తుంది. వైరస్ అంటే కంటికి కనిపించని క్రిమి. కొందరికి కళ్లు, ఒళ్లు పచ్చబడతయి. దాన్నే కామెర్లు, పసిరికలు అంటరు. చాలామందికి మాత్రం ఏమీ తెలియదు. క్రిమి లోపల ఉండి ఏండ్ల తరబడి కాలేయాన్ని పాడు చేస్తుంది. చివరికి క్యాన్సర్ కూడా రావచ్చు.

ఇది రక్తం ద్వారా, ఒకరికి వాడిన సూది ద్వారా, లైంగిక సంబంధం ద్వారా అంటుతుంది. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు కూడా వస్తుంది. కలిసి తింటే, పక్కన కూర్చుంటే రాదు.

పెద్దవాళ్లకు అంటితే చాలామందికి దానంతట అదే తగ్గిపోతుంది. పుట్టేటప్పుడు బిడ్డకు అంటితే అట్లా కాదు. అట్లాంటి బిడ్డలు 100 మందిలో సుమారు 90 మందిలో అది ఏండ్లకు ఏండ్లు ఉండిపోతుంది. అందుకే మొదటి రోజే తొందర.

రక్తంలో దొరికిన గుర్తు

పప్పులో, గుడ్డులో మాంసకృత్తులు ఉంటయని మీకు తెలుసు. వాటినే ప్రోటీన్లు అంటారు. మన ఒంట్లో కూడా ప్రోటీన్లు ఉన్నాయి. క్రిమి ఒంటి మీదా ఉన్నాయి. క్రిమికి ఆ ప్రోటీన్ అంగి లాంటిది.

మన రక్తంలో కావలివాళ్లు ఉంటారు. వాళ్ల పేరు యాంటీబాడీలు. ఇవి కూడా ప్రోటీన్లే. ఒక్కో యాంటీబాడీ ఒక్కో రకం అంగిని గుర్తుపట్టి పట్టుకుంటుంది.

అమెరికాలో బరూక్ బ్లంబర్గ్ అనే డాక్టర్ ఉండేవారు. ఆయన దేశదేశాల ప్రజల రక్తాన్ని పరీక్షించేవారు. 1960లలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో ఆయనకు కొత్త ప్రోటీన్ కనిపించింది. ఎట్లా కనిపించింది? చాలాసార్లు రక్తం ఎక్కించుకున్న ఒక రోగి రక్తంలోని యాంటీబాడీ దాన్ని పట్టుకుంది. అదేమిటో మొదట ఆయనకూ తెలియదు. కొన్నేండ్ల పరిశోధన తర్వాత అది హెపటైటిస్ బి వైరస్ అంగి అని తేలింది. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అంగి చాలు, దొంగ వద్దు

మొదట ఈ అంగిని రోగుల రక్తం నుంచి వేరు చేసి టీకా తయారు చేశారు. దానికి ఎంతో రక్తం కావాలి. తర్వాత శాస్త్రవేత్తలు వేరే దారి కనిపెట్టారు. కల్లులో నురగ రావడానికి కారణం ఈస్ట్ అనే చిన్న జీవి. అట్లాంటి ఈస్ట్‌కు వైరస్ అంగిని తయారు చేయడం నేర్పించారు. అందులో వైరస్ లేదు. ఒట్టి అంగి మాత్రమే ఉంది. కాబట్టి టీకాతో ఈ రోగం రాదు. ఒళ్లు ఆ అంగిని చూసి ముందే యాంటీబాడీలను తయారు చేసుకుంటుంది. తర్వాత నిజం దొంగ వస్తే పట్టేస్తుంది.

హైదరాబాదులో తయారైంది

మన దేశానికి ఈ టీకా మొదట బయటి దేశాల నుంచి వచ్చేది. ఖరీదు వందల రూపాయలు. కూలి చేసుకునే ఇంటికి అది అందేది కాదు.

నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్ రెడ్డి ఇంజనీరు. ఈ టీకా మన దగ్గరే తయారు కావాలని ఆయన పట్టుబట్టారు. 1993లో హైదరాబాదులో కంపెనీ పెట్టారు. తల్లి శాంతమ్మ పేరు మీద దానికి శాంతా బయోటెక్నిక్స్ అని పేరు పెట్టారు. శాస్త్రవేత్తలు మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో పని చేశారు. నాలుగేండ్లు కష్టపడ్డారు. 1997లో టీకా బయటికి వచ్చింది. ధర 50 రూపాయల దాకా దిగింది. తర్వాత ఇతర కంపెనీలూ తయారు చేశాయి. ఇప్పుడు సర్కారు దవాఖానలో పిల్లలకు ఈ టీకా ఉచితం.

మనం చేయవలసింది

- ఇచ్చోడ అయినా, చుట్టుపక్కల గూడెం, తండా అయినా, కాన్పు దవాఖానలోనే కావాలి.
- బిడ్డ పుట్టిన 24 గంటల లోపల టీకా వేయించాలి. తర్వాత 6, 10, 14 వారాలకు వేసే సూదుల్లో కూడా ఈ మందు ఉంటుంది. అవి మానొద్దు.
- గర్భిణి రక్త పరీక్ష చేయించుకోవాలి. తల్లికి ఈ జబ్బు ఉంటే ముందే డాక్టరుకు తెలియాలి. అప్పుడు బిడ్డకు టీకాతో పాటు తయారుగా ఉన్న యాంటీబాడీల సూది కూడా వేస్తారు.
- పసిరికలు వస్తే పసరు మందు తాగి ఊరుకోవద్దు. దవాఖానకు పోవాలి.
- సూది వేసేటప్పుడు "కొత్త సూదేనా?" అని అడగాలి. అడగడం తప్పు కాదు.

జవాబు చెప్పండి

1. టీకాలో ఉండేది దొంగనా, దొంగ అంగినా?
2. మొదటి టీకా ఎన్ని గంటల లోపల వేయించాలి?
3. మీ ఇంట్లో చిన్న పిల్లల టీకా కార్డు తీయండి. ఏ తేదీన ఏ టీకా వేశారో చదవండి. ఒక్కటి మానినా ఆశ కార్యకర్తను అడగండి.