చప్పుడు ఆగిన రాత్రి

మా అమ్మాయి పట్టుబట్టి తెచ్చుకున్న హామ్‌స్టర్ పేరు బఠాణీ. వయసు అయిదారు వారాలు. పగలంతా కాగితం ముక్కల్లో ముడుచుకుని పడుకునేది. రాత్రి పదింటికి లేచి చక్రం ఎక్కిందంటే తెల్లవారేదాకా గరగరే. దాని గోలకు నాకు నిద్ర పట్టేది కాదు. ఇంటికొచ్చిన పదో రోజు రాత్రి ఆ చప్పుడు లేదు. ‘హమ్మయ్య’ అనుకుని అటు తిరిగి పడుకున్నాను.

మర్నాడు సాయంత్రం అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుంటే తోక చుట్టూ బొచ్చు తడిసి అట్టకట్టి ఉంది. ఒకటే వాసన. వీపు గూనిలా వంగింది, కళ్లు సగం మూతపడ్డాయి. గిన్నెలో నిన్నటి గింజలు నిన్నటిలాగే ఉన్నాయి. దీన్ని ‘వెట్ టెయిల్’ అంటారని ఆ రాత్రి డాక్టరు చెప్పేదాకా మాకు తెలియదు. మూడో రోజుకు బఠాణీ లేదు.

లేనిదాన్ని చూడటం

ఈ జబ్బులో లాసోనియా ఇంట్రాసెల్యులారిస్ అనే బ్యాక్టీరియా చిన్నపేగు చివరి భాగంలోని కణాల్లో చేరి, లోపలి పొరను మందంగా ఉబ్బిస్తుంది. తల్లి పాలు మానిన కొత్తలో, మూడు నుంచి పది వారాల వయసులో ముప్పు ఎక్కువ. ప్రయాణం, ఇరుకు పంజరం, ఒక్కసారిగా మారిన తిండి, కొత్త చేతుల స్పర్శ దానికి తోడవుతాయి. నీళ్ల విరేచనాలు మొదలయ్యాక రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. వంద గ్రాములైనా లేని ఒంట్లో నీరు ఎంతసేపు నిలుస్తుంది?

పైగా హామ్‌స్టర్ తన జబ్బును దాచుకుంటుంది. వేటాడే జంతువుల మధ్య బతికిన జాతి అది. నీరసంగా కనిపించినదే ముందు దొరికిపోతుంది. కాబట్టి అది మూలగదు, మొరపెట్టుకోదు. చేసే పనులు ఒక్కొక్కటే మానేస్తుంది. చక్రం ఆగుతుంది, తిండి మిగులుతుంది, దగ్గరికెళితే చిరాకు పడుతుంది. తోక తడిసేది ఆ తర్వాతే.

నాకు గుచ్చుకున్నది ఇదే. చప్పుడు ఉన్నన్నాళ్లూ విసుక్కున్నాను, లేనినాడు సంతోషించాను. కొత్తగా వచ్చినదాన్ని ఎవరైనా గమనిస్తారు. ఉండాల్సింది లేకుండా పోయినప్పుడు పట్టుకోవడమే అసలైన గమనిక. అది తెలివితేటలతో రాదు, మామూలుగా ఏం ఉంటుందో రోజూ చూసే అలవాటుతో వస్తుంది. ఇంట్లో ఎవరో జోకులేయడం మానేస్తే ‘పెద్దరికం వచ్చింది’ అనుకుంటాం. ఆఫీసులో వాదించే మనిషి మౌనంగా ఉంటే ‘దారికొచ్చాడు’ అని మురుస్తాం. మనకు హాయిగా అనిపించే మౌనాన్నే ముందు అనుమానించాలి.

చెయ్యి ఆపుకోవడం

ఆ సాయంత్రం నేను చేసిన మొదటి పని మందుల డబ్బా వెతకడం. అమ్మాయి దగ్గుకు తెచ్చిన అమాక్సిసిలిన్ సిరప్ కొంత మిగిలి ఉంది. ‘రెండు చుక్కలు వేస్తే ఏం పోతుంది’ అనుకున్నాను. ఫోన్లో డాక్టరు, “ఆ సీసా అక్కడే పెట్టేయండి” అన్నారు. పెన్సిలిన్ జాతి మందులు హామ్‌స్టర్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపేస్తాయి. ఆ ఖాళీలో విషం పుట్టించే మరో రకం పెరిగి, జబ్బు కన్నా ముందు మందే చంపుతుంది.

ప్రేమ ఉంటే చాలదు, ఆ క్షణంలో మన చేతిని మనమే పట్టుకోగలగాలి. కంగారులో ఏదో ఒకటి చేసేస్తే మన గుండెదడ తగ్గుతుంది కానీ ఎదుటి ప్రాణానికి ఒరిగేదేమీ లేదు. చేయాల్సినవి కొన్నే. పంజరాన్ని వెచ్చగా, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచాలి. మిగతా హామ్‌స్టర్ల నుంచి వేరు చేయాలి. పచ్చి కూరలు, పండ్లు ఆపాలి. తెల్లారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అక్కడ చర్మం కింద సెలైన్ ఎక్కిస్తారు, దానికి పడే యాంటీబయాటిక్ తూకం చూసి ఇస్తారు. కుక్కల్ని, పిల్లుల్ని చూసే డాక్టర్లందరికీ ఇంత చిన్న ప్రాణి వైద్యం అలవాటు ఉండదు. ఎవరు చూస్తారో పెంపకం మొదలుపెట్టిన రోజే కనుక్కోవాలి. చేతులు కాలాక ఆకులు వెతికితే ఆ వెతుకులాటకే సగం రాత్రి పోతుంది. మాకు అలాగే పోయింది.

పశ్చాత్తాపాన్ని పనిలో పెట్టడం

అన్నీ సకాలంలో చేసినా ఈ జబ్బులో చాలా హామ్‌స్టర్లు బతకవు. అది తెలిశాక కూడా ‘ఆ రాత్రే లేచి చూసుంటే’ అనే మాట నన్ను వదల్లేదు. దాన్ని తవ్వుకుంటూ కూర్చుంటే మిగిలేది దుఃఖమే. మా అమ్మాయి నాకన్నా తెలివైన పని చేసింది. పంజరాన్ని క్రిమిసంహారక మందుతో కడిగి ఎండబెట్టింది. కొన్ని నెలలకు మరో హామ్‌స్టర్ వచ్చాక ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించింది. ఆదివారం వంటింటి కాటా మీద తూచిన బరువు, ఉదయం గిన్నెలో మిగిలిన గింజలు, రాత్రి చక్రం తిరిగిందా లేదా. రోజుకు ఒక్క నిమిషం పని.

మొన్న రాత్రి అన్నం తింటూ ఉన్నట్టుండి అంది, “నాన్నా, నానమ్మ ఈమధ్య ఫోన్లో ‘ఏం తిన్నావే’ అని అడగడం లేదు.”

అప్పుడు టైము పదిన్నర. అమ్మ పడుకుని ఉంటుంది. అయినా చెయ్యి కడుక్కుని ఫోన్ తీశాను.