సైన్స్ పాఠానికి మన ఇంటి వడ్లు చాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల – మీ ఊరి బడి ఏదైనా సరే, విత్తేముందు పిల్లలతో ఈ మొలక పరీక్ష చేయించండి. వీడియోలో చూపించిన పద్ధతే.

1. ఇంటి వడ్లు ఏరకుండా 200 గింజలు తీసుకోవాలె.
2. 100 బీజామృతంలో, 100 ఉత్త నీళ్లలో ఒకే సమయం నానబెట్టాలె.
3. వేర్వేరు తడి గోనెసంచుల్లో చుట్టి, ఒకే నీడలో పెట్టాలె.
4. 5వ రోజు, 14వ రోజు మొలకలు లెక్కపెట్టాలె.
5. తేదీ, ఫొటోతో రాసి తరగతి గోడకు అంటించాలె. పక్క తరగతి పిల్లలు ప్రశ్నలు అడగాలె.

ధ్రువీకరించిన వరి విత్తనం 100కు కనీసం 80 మొలవాలి. ఉత్త నీళ్లలో 60 మొలిస్తే, నారు పోయకముందే జాగ్రత్త పడొచ్చు. రెండు మూడు గింజల తేడాతో బీజామృతం గెలిచిందనుకోవద్దు, మళ్లీ చేయించండి. తేడా రాకున్నా అదే రాయించండి. నా మాట కాదు, పిల్లల లెక్క నమ్మండి.